నీళ్లు ఎటు పోతయ్?

ఇయ్యాల గురువారం రాత్రి. రేపు జుమ్మా, డ్యూటీ లేదు. అందుకే కొంచెం పొడుగు పోస్టు రాస్తున్న. ఓపికతోని చదవండి.

మొన్న మా క్యాంపుల కొత్తగా వచ్చిన తమ్ముడు, నిజామాబాద్ దిక్కు పిల్లగాడు, ఒక మాట అడిగిండు. "అన్నా, నువ్వు మెట్రో పని చేసినవ్, స్టేడియం పని చేసినవ్. అవి చెప్పుకుంటే గొప్పగ ఉంటది. నువ్వేమో ఎప్పుడు చూసినా కూరగాయల మార్కెట్ కట్టిన అని చెప్తవ్. అది ఉత్త షెడ్డే కదా?" అని నవ్విండు. నేను గూడ నవ్విన. కానీ పండుకున్నంక ఆ మాట పోలేదు. షెడ్డు కాదు తమ్మీ. అది ఎందుకు షెడ్డు కాదో చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు గూడ చెప్పాలె. ఇన్నేండ్లు ఎవ్వరికీ పూరాగ చెప్పలేదు. ఇయ్యాల చెప్త.

ముందు 2017 సంగతి. అప్పుడు దోహాల ఉన్నోళ్లకు యాదికి ఉంటది. జూన్ 5, రంజాన్ నెల, సోమవారం. పొద్దున లేచేసరికి ఫోన్ల నిండా ఒకటే వార్త. సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు ఖతర్‌తోని సంబంధాలు తెంపుకున్నయ్. ఖతర్‌కు భూమి మీద ఉన్నది ఒక్కటే సరిహద్దు, సౌదీ వైపు. ఆ దారి బంద్. ఈ దేశం తినే తిండిల దాదాపు 40 శాతం ఆ ఒక్క రోడ్డు మీదనే లారీలల్ల వస్తుండె అని తరువాత పేపర్లల్ల రాసిన్రు. పాలు, పెరుగు, కోడి, టమాట అన్నీ అటునుంచే.

ఆ సాయంత్రం మా మెస్సు వంటాయన నన్ను తోడు తీసుకొని దుకాణానికి పోయిండు. కేరళ మనిషి, ఎప్పుడూ నవ్వే మనిషి. ఆ రోజు నవ్వలేదు. లోపల జనం బండ్లు నింపుకుంటున్నరు. పాల అరలు ఖాళీ. కోడి లేదు. నేను రెండు ఉల్లిగడ్డ సంచులు, పప్పు పట్టుకున్న. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆమె ఏడుపు. "టీవీల చూపిస్తున్నరు, తిండి లేదట కదా, వచ్చెయ్" అని.

నిజం చెప్పాలె. ఆకలితోని ఎవ్వరం పండుకోలేదు. కొద్ది రోజుల్లనే పాల డబ్బాల మీద టర్కీ అక్షరాలు కనపడ్డయ్. ఇరాన్ నుంచి పండ్లు, కూరగాయలు వచ్చినయ్. తరువాత విమానాలల్ల ఆవులనే తెచ్చిన్రు. ఆ సెప్టెంబరుల హమద్ పోర్టు అధికారికంగ తెరిచిన్రు, పెద్ద ఓడలు నేరుగా ఇక్కడికే రాబట్టినయ్. ఆ రోడ్డు మళ్ల తెరుచుకున్నది 2021 జనవరిల. మూడున్నర ఏండ్లు.

కానీ ఆ మొదటి వారం నాకు ఒకటి అర్థమైంది. పైసలున్న దేశమే. కొనే తాకత్ ఉన్నది. అయినా పాల అర ఒక్క పూటల ఖాళీ అయింది. సరుకు వచ్చే దారి ఒక్కటే ఉంటే కష్టం. దారులు పది ఉన్నా, వచ్చిన సరుకును దించి, చల్లగ దాచి, పంచే జాగ లేకపోతే అదీ కష్టమే. లారీ ఒక్క రోజుల వస్తది, ఓడకు వారాలు పడతది. ఓడ వచ్చిందంటే ఒక్కసారే వందల కంటెయినర్లు దిగుతయ్. అంత సరుకు దుకాణాలల్ల పట్టదు. నడుమ ఒక పెద్ద కడుపు ఉండాలె. ఆ కడుపే హోల్‌సేల్ మార్కెట్. ఆహార భద్రత అని పెద్దోళ్లు అంటరు. నాలాంటి పదో తరగతోనికి అర్థమైన ఆహార భద్రత ఇంతే.

2019ల నన్ను దోహా ఊరి బయట ఒక మార్కెట్ పనికి పంపిన్రు. ఏ సైటు, ఏ కంపెనీ అని అడగకండి, రాయను. సివిల్ సూపర్‌వైజర్‌ను. నా కింద 38 మంది. మేసన్లు, షట్టరింగ్ వాళ్లు, స్టీల్ ఫిక్సర్లు, హెల్పర్లు. మనోళ్లు, నేపాలీలు, బంగ్లా వాళ్లు.

మొదటి రోజు డ్రాయింగ్ చూసి నేను గూడ ఆ తమ్మి లెక్కనే అనుకున్న. నాలుగు దిక్కుల కాలమ్స్, పైన ట్రస్సు, రేకు. ఆరు నెలల పని. పని లోపలికి పోయినకొద్దీ కథ తెలిసింది.

లారీ వెనుక తలుపు తెరిస్తే దాని ఎత్తు, మన ప్లాట్‌ఫారం ఎత్తు సమానం ఉండాలె. దాన్ని డాక్ అంటరు. సుమారు ఒక మీటరు ఇరవై సెంటీమీటర్లు. సమానం ఉంటే ట్రాలీ సక్కగ లారీలకు పోతది, నిమిషాలల్ల ఖాళీ అయితది. లేకపోతే హమాలీ మెడ మీద మోయాలె, అంతసేపు లారీ తలుపు తెరిచే ఉండాలె. బయట 45 డిగ్రీల ఎండ. లోపల 2 డిగ్రీలల్ల వచ్చిన ఆకుకూర అరగంటల వాడుతది. వారం రోజులు నిలువ ఉండేది రెండు రోజులకే చెత్తల పడతది.

చల్ల గదులు గూడ అన్నీ ఒక తీరు ఉండవు. నేను ఫ్రిజ్ అంటే ఫ్రిజ్ అనుకున్న. ఆకుకూర, క్యారెట్‌కు సున్నా నుంచి 2 డిగ్రీలు. మామిడి, టమాటకు 12, 13. అరటిపండును 13 కన్నా కింద పెడితే తొక్క నల్లబడతది. గడ్డకట్టిన చేపకు, మాంసానికి మైనస్ 18. ఉల్లిగడ్డకు తడి తగలొద్దు, గాలి ఆడాలె. ఇంకోటి, యాపిల్, పండిన మామిడి, అరటి నుంచి ఎథిలిన్ అనే గ్యాస్ వస్తది. ఆ గ్యాస్ తగిలితే పక్కన కీరకాయ పసుపు రంగుకు తిరుగుతది, ఆకుకూర ఖరాబైతది. అందుకే ఎవరి గది వాళ్లకే. మన ఇంట్ల బియ్యం డబ్బాల మామిడికాయలు పెట్టి మాగబెడ్తం కదా, ఆ గ్యాసే ఇది. అవ్వ చేసిన పనే, పేరు ఇక్కడ తెలిసింది.

మైనస్ 18 గది అయితే నేల కిందనే పెద్ద కథ. కింద వేడి పోకుండ ఇన్సులేషన్ షీట్లు, తడి రాకుండ ప్లాస్టిక్ పొర, దాని మీద కాంక్రీటు. ఇంకా అడుగున నేలను కొంచెం వెచ్చగ ఉంచే ఏర్పాటు. ఎందుకంటే ఆ చలి మట్టిలకు దిగితే మట్టిల తడి గడ్డకట్టి ఉబ్బి నేలను పైకి లేపుతది. ఎడారిల నేల మంచుతోని లేస్తదంటే మా పిల్లగాండ్లు నమ్మలేదు. నేను గూడ ఇంజినీరును రెండుసార్లు అడిగిన.

ఆ రోజుల్ల ఒక శుక్రవారం బాపుకు ఫోన్ చేసిన. మా బాపుకు చదువు రాదు, మామిడి తోటలు కౌలుకు పట్టేటోడు.

"ఏం కడుతున్నవ్ కొడుకా?"

"కూరగాయలు, పండ్ల మార్కెట్ బాపు. మస్తు పెద్దది. మొత్తం ఏసీ."

కొంచెంసేపు సప్పుడు లేదు. తరువాత ఒక్కటే అడిగిండు. "నీళ్లు ఎటు పోతయ్?"

ఆ మాటకు నా నోరు పడిపోయింది. ఎందుకో చెప్త.

1999 మే నెల. నాకు పద్దెనిమిదేండ్లు. ఆ ఏడు బాపు అప్పు తెచ్చి రెండు తోటలు పట్టిండు. కాయ మంచిగ కాసింది. తెంపి, ట్రాక్టరుల వేసుకొని యార్డుకు పోయినం. షెడ్డు ఉన్నది. కానీ షెడ్డు కింద అప్పటికే కొన్నోళ్ల సరుకు. రైతు సరుకు బయట, నేల మీద కుప్ప. పొద్దుగూకంగ గాలివాన. నేను, బాపు, అవ్వ ముగ్గురం తాటిపత్రి కప్పి నాలుగు మూలల మీద రాళ్లు పెట్టి, మూలకొకరం పట్టుకొని నిలబడ్డం. పైనుంచి ఒక్క చుక్క పోనియ్యలేదు. గెలిచినం అనుకున్నం. కానీ ఆ యార్డు నేల వాలు ఉల్టా ఉండె. గేటు దిక్కు పోవాల్సిన నీళ్లు నడుమకు వచ్చి మా కుప్ప కింద చేరినయ్. రాత్రంతా కాయ నీళ్లల్ల నానింది. తెల్లారి కింది కాయ మచ్చలు పడ్డది. అడ్తిదారు ఒక కాయ తీసి చూసి, పడేసి, సగం ధర చెప్పిండు. ఆపైన తరుగు. బాపు ఏం మాట్లాడలేదు. కాంటా దగ్గర కూసొని బీడీ ముట్టించిండు, చేతులు వణుకుతుంటే అగ్గిపుల్లలు రెండు ఆరిపోయినయ్. ఆ అప్పు వడ్డీతోని పెరిగి పెరిగి, 2003ల నన్ను దుబాయి విమానం ఎక్కించింది.

బాపుకు ఏసీతోని పని లేదు. నీళ్లు ఎటు పోతయ్, అంతే.

ఇప్పుడు నా తప్పు.

జూలై నెల. ఎండకాలంల ఇక్కడ పగలు 11:30 నుంచి 3 దాకా బయట పని బంద్, అప్పటి రూలు అది. కాంక్రీటు గూడ పగలు పోస్తే పగుళ్లు వస్తయ్. అందుకే రాత్రి పోస్తం, మిక్సుల ఐసు వేసి తెప్పిస్తం. హాలు నడుమ పొడుగున మోరీ, పైన జాలీ. రెండు దిక్కుల నుంచి నేల దాని వైపు వాలాలె. మీటరుకు ఒక సెంటీమీటరు. రోజూ సరుకు దిగినంక హాలు మొత్తం పైపుతోని కడుగుతరు, ఆ నీళ్లు పోవాలె కదా.

ఆ రాత్రి చల్ల గదుల ముందర మూడు బేలు పోసినం. లెవల్ నేనే ఇచ్చిన. కాలమ్ మీద రెండు గుర్తులు ఉండె, ఒకటి హాలుది, ఒకటి డాక్‌ది. అప్పటికి పదహారు గంటల డ్యూటీ. నేను డాక్ గుర్తు పట్టుకొని లెక్క తీసిన. ఇంకెవ్వరిదీ తప్పు కాదు, నాదే.

ఐదు రోజులకు ఒక్కన్నే పోయి పైపుతోని నీళ్లు విడిచి చూసిన. బాపు మాట చెవుల ఉన్నది కాబట్టే పోయిన. నీళ్లు మోరీ దిక్కు పోలేదు. మెల్లగ వెనకకు జారి చల్ల గది తలుపు కాడికి పోయినయ్. నాకు చెమటలు పట్టినయ్. ఆ నీళ్లు రోజూ తలుపు కిందికి పోతే ఏమైతది? ఇన్సులేషన్ తడుస్తది. తడిసిన ఇన్సులేషన్ చలిని ఆపది. మిషన్లు రాత్రింబగళ్లు తిరుగుతయ్, కరెంటు మింగుతయ్, ఒకనాడు ఆగుతయ్. లోపల సరుకు పోతది. ఇదంతా ఒక్క రోజుల కనపడది. రెండేండ్లకు, మూడేండ్లకు కనపడ్తది. అప్పటికి నేను ఏ సైటుల ఉంటనో.

నాతోని పనిచేసే ఇంకో ఫోర్‌మన్, మంచోడే, పక్కకు తీసుకపోయి చెప్పిండు. "అన్నా, పైన ఇంకా కోటింగ్ ఉన్నది. కొంచెం ఎక్కువ మందం కొట్టిద్దాం. కన్సల్టెంట్ చూసేనాటికి నీళ్లు అక్కడనే నిలుస్తయ్ గానీ వెనకకు పోవు. సంతకం పడ్డంక మెయింటెనెన్సోళ్ల తలనొప్పి. నీకు వచ్చే నెల రెన్యువల్ ఉన్నది, మర్చిపోకు."

మర్చిపోలేదు. బిడ్డ ఇంటర్ ఫీజు, ఇంటి అప్పు అన్నీ యాదికే ఉన్నయ్. ఆ రాత్రి మా ఆమెకు ఫోన్ చేసి ఏం చెప్పకుండనే పెట్టేసిన. ఒకటి మాత్రం రాస్త, నేను పెద్ద సత్యహరిశ్చంద్రున్ని కాదు. పొద్దటి దాకా కోటింగ్ కొట్టిద్దామనే అనుకున్న. బ్రష్ చేసుకుంటుంటే నల్లా కింద నీళ్లు చూసిన. నీళ్లు ఎటు పోతయ్. కుప్ప కింద నానిన కాయ కండ్ల ముందరికి వచ్చింది. ఆ యార్డు నేల పోసినోడు గూడ ఎవడో ఒక సూపర్‌వైజరే. వానికి మా బాపు ఎవరో తెల్వదు. వాడు ఆ రోజు ఏ గుర్తు చూసి లెవల్ ఇచ్చిండో. తప్పు తెలిసీ ఊకున్నడేమో.

పోయి కన్సల్టెంట్ ఇంజినీరుకు చెప్పిన. ఈజిప్టు మనిషి, పెద్దాయన. అరుస్తడనుకున్న. నీళ్లు విడవమన్నడు. విడిచిన. మోకాళ్ల మీద కూసొని చూసిండు. "పగలగొట్టు" అన్నడు. అంతే.

కంపెనీ అరిచింది. వార్నింగ్ లెటర్, మూడు రోజుల జీతం కోత. పిల్లగాండ్లు గూడ నా మీద గరం అయిన్రు, వాళ్ల తప్పు లేకుండ మూడు రాత్రులు జాక్ హామర్ పట్టాలె కదా. వాళ్లకు నా పైసలతోని మెస్సుల బిర్యానీ చేయించిన, అది వేరే సంగతి. కొట్టినం, ఊడ్చినం, మళ్ల పోసినం. ఈసారి లెవల్ ఇద్దరితోని వేరువేరు చూపిచ్చిన. రెన్యువల్ అయింది. కాకపోయినా ఏం చేద్దునో తెల్వదు.

ఆ పగలగొట్టే రాత్రులల్ల పెద్దాయన కుర్చీ వేసుకొని కూసొని కొన్ని ముచ్చట్లు చెప్పిండు. పారిస్‌ల పాత మార్కెట్ ఊరి నడుమ ఉండెనట, లారీలు పట్టక 1969ల ఊరి బయట రంజిస్‌కు మార్చిన్రట. ఇప్పుడు అది ప్రపంచంల పెద్ద తాజా సరుకు మార్కెట్లల్ల ఒకటి. నేను మా హైదరాబాద్ సంగతి చెప్పిన. కొత్తపేట గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఊరి బయట ఉంటదని కట్టిన్రు, ఊరు పెరిగి దాన్ని మింగింది, మామిడి సీజనుల లారీలు నిలబడితే విజయవాడ రోడ్డు బంద్.

తరువాత 2020 కరోనా లాక్‌డౌన్‌ల ఆ మామిడి వ్యాపారాన్ని తాత్కాలికంగ కోహెడకు మార్చిన్రు. ఆ మే నెల గాలివానకు అక్కడ వేసిన షెడ్లు కూలి చాలామందికి దెబ్బలు తగిలినయ్. ఆ వీడియో నేను క్యాంపుల మంచం మీద చూసిన. రేకులు కాగితాల లెక్క లేచినయ్, కింద మామిడి, జనం. నాకు మళ్ల 1999 యాదికి వచ్చింది. తరువాత గడ్డిఅన్నారం మార్కెట్ బాటసింగారం పోయింది. కోహెడల పెద్ద మార్కెట్ కట్టాలని సర్కారు ప్లాను ఉన్నది. కట్టాలె. కట్టేటప్పుడు అక్కడ నాలాంటి సూపర్‌వైజర్ ఒకడు ఉంటడు. ఈ పోస్టు వానికి చేరితే మంచిది.

మన దగ్గర మంచి గూడ ఉన్నది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ల పాడైన కూరగాయలతోని గ్యాస్, కరెంటు తీస్తున్నరు. 2021 జనవరిల ప్రధాని గూడ దాని గురించి రేడియోల చెప్పిండు. చెత్త ఎటు పోవాలె అని ఆలోచించిన్రు కాబట్టి అయింది. నీళ్లు, చెత్త, లారీ, మనిషి, ఈ నాలుగు ఎటు వస్తయ్, ఎటు పోతయ్ అని ముందు రాసుకొని తరువాత గోడ లేపాలె. మనం ఉల్టా చేస్తం. ముందు కమాను, శిలాఫలకం, రంగు. మోరీ ఆఖరికి.

ఇంకొక్క మాట. ఎంత మంచిగ కట్టినా, రైతు సరుకు షెడ్డు కిందికి రాకపోతే ఆ షెడ్డు ఆయనది కాదు. చల్ల గది కిరాయి పెద్ద వ్యాపారి ఒక్కడే కట్టగలిగితే, పంట పెట్టినోడు మళ్ల ఎండలనే. ఇది సిమెంటుతోని అయ్యే పని కాదు, రూలుతోని అయ్యే పని. అది రాసేటోళ్లు వేరే. నా చేతుల ఉన్నది వాలు ఒక్కటే.

మొన్న ఎండకాలం ఒక శుక్రవారం ఆ మార్కెట్‌కు పోయిన. క్యాంపు మెస్సుకు టమాట, బెండకాయ కొనాలె. నన్ను ఎవ్వరూ గుర్తు పట్టరు కదా. కొన్నంక ఊకనే నిలబడ్డ. ఒక బంగ్లా తమ్ముడు పైపు పట్టుకొని నేల కడుగుతున్నడు. ఆ మూడు బేల మీదనే. ఆకులు, మట్టి, నీళ్లు అన్నీ కలిసి మెల్లగ జాలీ దిక్కు పోయినయ్. చల్ల గది తలుపు ముందర పొడిగ ఉన్నది. "క్యా దేఖ్ రహే భాయ్?" అన్నడు. "కుఛ్ నహీ" అన్న.

బయటికి వచ్చి బాపుకు వీడియో కాల్ చేసిన. ఇప్పుడు ఆయనకు చూపు సరిగ్గ ఆనదు. ఫోను కిందికి వంచి నేల చూపిచ్చిన.

"కనపడ్తలేదు కొడుకా. ఏందది?"

"నీళ్లు బాపు. మోరీలకే పోతున్నయ్."

"ఆఁ, మంచిది" అన్నడు. తరువాత టమాట కిలో ఎంతకు కొన్నవని అడిగిండు. చెప్తే, "అవ్వో, గంతనా!" అని తిట్టిండు.

తమ్మీ, నువ్వు అడిగిందానికి జవాబు ఇదే. మీ ఊరి దిక్కు కొత్త యార్డు కడుతున్నరంటే, పోయినప్పుడు పైన రేకు చూడకు. ఒక చెంబు నీళ్లు నేల మీద పోసి చూడు.

ఉంట మరి. మెస్సుల పిలుస్తున్నరు.